వియ్యాలవారి బంతిలో అలంకారాల పాఠం

మా అక్క కూతురి నిశ్చితార్థంలో మా వైపు ఆడవాళ్ళమంతా నోరు మూసుకుని కూర్చున్నాం. అది మర్యాద అనుకునేరు. ఒక్కరికీ పాట రాక అలా కూర్చున్నాం. బొంబాయిలో మా కామాఠిపురా గల్లీల్లో కుళాయి దగ్గర మమ్మల్ని మించి మాట్లాడేవాళ్ళు లేరు. అలాంటిది ఆ పూట మా గొంతులకు ఏమైందో దేవుడికే తెలియాలి.

సంగతేమిటంటే, పాలమూరు వైపు పెళ్ళిళ్ళలో ఒక ముచ్చట ఉంది. వియ్యాలవారు బంతిలో కూర్చుని తింటుంటే, ఇవతలి వైపు ఆడవాళ్ళు నిలబడి వాళ్ళ మీద ఎగతాళి పాట కట్టి పాడతారు. ముక్కు, మూతి, నడక, తిండి, దేన్నీ వదలరు. తినేవాళ్ళు నవ్వాలి, నవ్వి అక్కడికక్కడ జవాబు పాట కట్టాలి. జవాబు రాకపోతే ఓడినట్టే. ఓడినందుకు దండుగ ఏమీ ఉండదు గానీ పేరు పడిపోతుంది. ఆ పేరు పెళ్ళికూతురి వెంట అత్తగారింటికి వెళ్తుంది. రేపు ఆమెకు పిల్లలు పుడితే బారసాలలో కూడా ఎవరో ఒకరు ఆ సంగతి తీస్తారు.

మేము ఈ ఊరికి పాతవాళ్ళం. మా ముత్తాతలు ఇక్కడికి ఇళ్ళు కట్టడానికి వచ్చారు, కట్టారు, చివరికి వరస గదుల చాల్‌లో తలో గది మిగుల్చుకున్నారు. ఇప్పుడు మాలో ఆఫీసు ప్యూన్లున్నారు, ఆసుపత్రి వార్డుబాయ్‌లున్నారు, ఫోరస్ రోడ్‌లో చిన్న దుకాణాలు పెట్టుకున్నవాళ్ళున్నారు. నేను తెలుగు టీచర్ని. మా పెళ్ళిళ్ళలో డీజే, మరాఠీ పాటలు, చేతిలో ప్లేటు పట్టుకుని తిరుగుతూ తినే బఫే. బంతి పాటలు మా అమ్మ తరంతోనే పోయాయి. పోయాయని మేమెవ్వరం గమనించలేదు కూడా.

పెళ్ళికొడుకు వాళ్ళు ఒక్క తరం కిందట మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. తండ్రి సెంట్రింగ్ మేస్త్రి, నిండుగా మీసం, దాన్ని మించిన ఆకలి. కొడుకు నడక నేర్వకముందే తల్లి పోతే, పెద్దమ్మ, అంటే మేస్త్రి గారి వదిన, పెంచింది. ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది. పాట కట్టడంలోనూ ఆమెదే పైచేయి. మేము భక్ష్యాలు నోట్లో పెట్టుకున్నామో లేదో, కొంగు నడుముకు దోపి మా బంతి ముందు నిలబడింది.

“బొంబాయి వదినెలు బొమ్మల లెక్క
చీరలు చూస్తెనేమొ సింగారమెంతో
నోర్లు చూస్తెనేమొ తాళాల లెక్క
తాళంచెవి యాడ పడ్డదో వదినే”

వాళ్ళ ఆడవాళ్ళంతా చప్పట్లతో అందుకున్నారు. పాట పాడినంతసేపూ ఆమె మా ముఖాల్లోకి చూస్తూనే ఉంది, జవాబు కోసం. అక్క నన్ను మోచేత్తో పొడిచి, “నువ్వు తెలుగు టీచరువు గదనే, ఏదన్న అను” అంది. నాకు పద్యాలు వచ్చు, వ్యాసాలు వచ్చు, ప్రత్యయాలు వచ్చు. ఆ నిమిషంలో నోటికొచ్చింది మాత్రం ఏమీ లేదు. పెద్దమ్మ “పోనియ్యిండ్రి పాపం, బొంబాయోళ్ళకు నోరు లేదు” అని నవ్వేసి, ఇంకో భక్ష్యం వడ్డించింది. ఆమె మనసులో విషమేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది.

తిరిగొచ్చేటప్పుడు లోకల్ రైల్లో మా పిల్ల, ఆ పెళ్ళికూతురే, నా పక్కన కూర్చుంది. గ్రాంట్ రోడ్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది, సూది గుచ్చినా ఎదుటివాడికి తెలియనంత నెమ్మది చెయ్యి. మాట మాత్రం సూదే.

“చిన్నమ్మా, మా అమ్మ ఏడ్చుకుంట తిన్నది. నువ్వు చూసినవా?”

చూడలేదన్నాను.

“నేను రేపు ఆ ఇంటికి పోతే నోరు లేనోళ్ళ పిల్ల అంటరు. నవ్వుకుంటనే అంటరు, నేను గూడ నవ్వాలె. పండుగ పండుగకు అంటరు. నాకు అది నక్కో, వద్దంటే వద్దు. పెళ్ళిల వాళ్ళు బంతిల కూసుంటరు గద, అప్పుడు మనోళ్ళు గెలవాలె. ఎట్ల గెలుస్తరో నాకు తెల్వదు.”

అలా అని కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇంటికెళ్ళి నేనే పాట కట్టడానికి కూర్చున్నాను. టీచర్ని కదా, ఆ మాత్రం చేతకాదా అని ధీమా. రెండ్రోజులు తంటాలు పడి అక్కకు వినిపించాను. అక్క చేటలో బియ్యం ఏరుతూ చివరిదాకా విని, “బాగున్నది. పాట ఎప్పుడు మొదలైతది?” అంది. మళ్ళీ చదివి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. అంతా గ్రాంథికం, అచ్చం స్తోత్రం, అందులో ఒక్క మాట కూడా అన్నం తినేవాడి చెవిన పడేలా లేదు. పెద్దమ్మ గనక అది విని ఉంటే చెంపలేసుకుని హారతి అద్దుకునేది.

ఇదిలా ఉండగా, బడిలో మాకు అలంకారాల పాఠం వచ్చింది. పగలు బడి, సాయంత్రం మా చాల్ కిందనున్న గణపతి మండలి గదిలో ట్యూషన్. అక్కడికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. మా పాత కుటుంబాల పిల్లలు తమలో తాము మరాఠీలోనే కొట్లాడుకుంటారు. కొత్తగా పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్ళ పిల్లలకు తెలుగు బాగా వస్తుంది గానీ పుస్తకంలో తెలుగు చూస్తే బెదిరిపోతారు. ఇద్దరికీ కలిపి పాఠం చెప్పడమంటే నా ఓపికకు పరీక్ష. నాకు ఓపిక ఎంతో మా వీధి అంతటికీ తెలుసు.

బోర్డు మీద రాశాను: ఆమె ముఖం చంద్రుని వలె ఉన్నది. దేన్ని పోలుస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, రెంటిలో ఉన్న పోలిక ఏమిటి, పోలికను చెప్పే మాట ఏది, నాలుగింటి కింద నాలుగు రంగుల గీతలు గీశాను. ఇది ఉపమ. అదే ‘ముఖమే చంద్రుడు’ అంటే రెంటికీ తేడా లేదని చెప్పడం, అది రూపకం. ఇంత వివరంగా చెప్పి వెనక్కి తిరిగితే, పిల్లలు గణపతి సామాను అటక మీద ఉన్న థర్మకోల్ ఏనుగును చూస్తున్నారు.

“టీచర్, సమజ్ అయితలేదు” అన్నాడు ఒకడు నిజాయితీగా. “వలె అని ఎవ్వరూ మాట్లాడరు. మేము లెక్క అంటం.”

సరే, ‘లెక్క’ అనే చెప్పండి, ఎవరైనా ఒక ఉపమ చెప్పండి అన్నాను. వాడు పక్కవాణ్ణి చూపించి, “వీడు బర్రె లెక్క తింటడు” అన్నాడు. గదంతా నవ్వింది. ఆ పక్కవాడూ నవ్వాడు. పైగా నిన్న వడాపావ్ మీద వడాపావ్ ఎలా లాగించాడో గొప్పగా చెప్పుకున్నాడు. నాకు హుషారొచ్చింది. శభాష్, ఇప్పుడు దాన్నే రూపకం చెయ్యి అన్నాను. వాడు కాస్త ఆలోచించి, పక్కవాడి వైపు తిరిగి, “వీడు బర్రె” అన్నాడు.

మరుక్షణం ఇద్దరూ నేల మీద ఉన్నారు. బెంచీ పడింది, ఎవరిదో చొక్కా గుండీ ఎగిరింది, చాక్‌పీసు డబ్బా చిందరవందర. ఇద్దరి చెవులూ పట్టుకుని విడదీసేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.

“ఇప్పుడే గదరా బర్రె అంటే పళ్ళికిలించి నవ్వినవ్. మళ్ళ ఎందుకు కొట్టినవ్?”

వాడు ఎగరొప్పుతూ అన్నాడు. “అప్పుడు లెక్క అన్నడు టీచర్. ఇప్పుడు నిజంగనే అన్నడు.”

నేను చెవి వదిలేశాను. ఇన్నేళ్ళుగా నాలుగు రంగుల గీతలతో నేను చెప్పలేకపోయింది వీడి దెబ్బతో తేలిపోయింది. ‘లెక్క’ ఉన్నంతసేపు అది ఆట. తీసేస్తే ఆ మనిషే ఆ వస్తువు అయిపోతాడు.

అప్పుడు మూల నుంచి ఒక పిల్ల లేచింది. వాళ్ళ నాయిన హాత్‌గాడీ, అంటే చేతిబండి, లాగుతాడు, బట్టల మూటలు, ఇనప రేకులు, ఏవి దొరికితే అవి. ఈ పిల్లకు పదేళ్ళుంటాయి, మనిషి ఇంత, గొంతు అంత. “మరి మంచిగ అంటే ఉల్టా అయితది గద టీచర్” అంది.

“ఉల్టా ఎట్ల?”

“మా అమ్మ గాజులు చూసి పక్కింటామె, బంగారం లెక్క ఉన్నయ్ అన్నది. మా అమ్మకు కోపమొచ్చింది. బంగారం లెక్క అంటే బంగారం కాదని గద. నన్ను మా అమ్మ ఎత్తుకుంటే బంగారం అంటది. బంగారం లెక్క అనదు.”

ఆ రాత్రి అన్నం తింటుంటే మా అమ్మ పాటలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో ఆమె కొంగు పట్టుకుని నిలబడి విన్నవే. వియ్యపురాలిని ఆమె ఎన్నెన్ని మాటలనేదో. డోలు లెక్క, గంప లెక్క, అలిగిన పిల్లి లెక్క. అన్నిటికీ ‘లెక్క’ ఉండేది. అందుకే ఎవ్వరూ బంతిలోంచి లేచిపోలేదు. సాగనంపేటప్పుడు మాత్రం కూతుర్ని పట్టుకుని నా కన్నువు, నా ఇంటి దీపానివి అని నేరుగా అనేది. ఎగతాళికి ఉపమ, ముద్దుకు రూపకం. ఇది ఆమెకు ఎవరూ నేర్పినట్టు లేదు, అందరూ అలాగే పాడేవాళ్ళు.

పొద్దున్నే వెళ్ళి అక్కతో చెప్పాను, పెళ్ళిలో మన వైపు పిల్లలు పాడతారని. అక్క తల కొట్టుకుంది. “పరువు ఇప్పటికే సగం పోయింది. మిగిలింది పోరగాళ్ళ చేతుల పెడ్తవా?” అంది. మన దగ్గర పెద్దవాళ్ళెవరు పాడతారో చెప్పు అన్నాను. మా పిల్ల ల్యాబ్‌కు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, “పిల్లలే పాడనీ అమ్మా, వాళ్ళకు సిగ్గు లేదు” అంది. అది మెచ్చుకోలే.

ఇక మండలి గది మండలి గదిలా లేదు. పుస్తకంలోని చంద్రుణ్ణి పిల్లలు మొదటి రోజే కొట్టేశారు. మా గదుల ముందున్న గ్యాలరీలోంచి చూస్తే ఎదురుగా లేస్తున్న టవరూ, దాని మీది క్రేనూ తప్ప చంద్రుడు కనపడడు. కనపడే వస్తువులే కావాలన్నాను. వీధిలోకి పోయి పోలికలు తెచ్చారు, ఎవరికి దొరికింది వాళ్ళు. తెచ్చిన ప్రతి పోలికకూ ఒక పరీక్ష పెట్టాం. ఒకరు మధ్యలో నిలబడాలి, మిగతావాళ్ళు ఆ పోలికను వాళ్ళ ముఖాన పాడాలి. నిలబడినవాడు నవ్వితే అది పాటలోకి వస్తుంది. ముఖం మాడ్చుకుంటే పోతుంది. ఆ పరీక్షకు నేనూ నిలబడ్డాను. నా కోపం పాలగిన్నె లెక్క, చూస్తుండగనే పొంగుతది అని పాడారు. నాకు నవ్వొచ్చింది, పాసయ్యింది. తరవాతెవడో నా జుట్టు గురించి ఒకటి పాడితే, అది పోయింది.

ఇంతకు ముందు ఉపమేయం అంటే దిక్కులు చూసిన పిల్లలు, ఇప్పుడు గ్యాలరీలో పరిగెత్తుతూ ఒకరినొకరు దిద్దుకునేవాళ్ళు. “అరే, లెక్క మర్చిపోయినవ్, తంతరు.” మరాఠీలో కొట్లాడుకునే పిల్లలు కూడా ఎగతాళికి తెలుగులోకి వచ్చేవాళ్ళు. వాళ్ళ అమ్మలు వంట ఆపి గుమ్మాల్లో నిలబడి వినేవాళ్ళు. ఏ తల్లీ నా పాఠం విని అంతకుముందు అలా నిలబడిన జ్ఞాపకం నాకు లేదు.

పెళ్ళి దాదర్‌లో ఒక హాల్లో. బఫే వద్దు, బంతి భోజనమే కావాలని పెద్దమ్మ ముందే కబురు పెట్టింది. మమ్మల్ని ఇంకోసారి ఓడించాలని ఆమె కోరిక, అందులో దాపరికం లేదు. ముహూర్తం అయ్యింది, తలంబ్రాలు అయ్యాయి. వాళ్ళు ఆకుల ముందు కూర్చున్నారు. మేస్త్రి గారు అందరికంటే ముందే చేతులు కడుక్కుని మొదటి ఆకు పట్టారు. పప్పూ, పచ్చిపులుసూ, భక్ష్యాలూ పడ్డాయి. మా పిల్లలు వరసగా వచ్చి నిలబడేసరికి పెద్దమ్మ నవ్వింది.

“ఏం వదినే, ఆడోళ్ళు లేరా మీ దిక్కు?”

నేను పిల్లల వైపు తిరిగాను. చెయ్యి ఎత్తాను. పిల్లలు అందుకున్నారు.

“పాలమూరు వదినె పాట పాడితెనేమొ
కుక్కరు సీటీ లెక్క కూత పెట్టె
లోపట పప్పు ఉడికెనో లేదో
మూత తీసి చూడాలె వదినే”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కానట్టుంది. తరవాత బంతి ఈ చివర్నించి ఆ చివరి దాకా నవ్వింది. పెద్దమ్మ ముద్ద మింగి, ఎడమచెయ్యి గాల్లో తిప్పుతూ కూర్చున్నచోటనే జవాబు కట్టింది. మా పిల్లలు పిచ్చుకల లెక్క, గింజలేస్తెనే కిచకిచమంటరని. మావాళ్ళు వదల్లేదు. పెళ్ళికొడుకును పట్టుకున్నారు.

“మీ పిలగాడు నడిచొస్తెనేమొ
విరార్ ఫాస్టు రైలు లెక్క ఉరికి వచ్చె
మా పిల్ల ముంగట నిలవడ్డంకనేమొ
సిగ్నలు లేనట్టు ఆగె వదినే”

పీట మీద పెళ్ళికొడుకు ముఖం ఎర్రబడింది. మా పిల్ల బాసింగం కదిలేలా నవ్వింది. పెద్దమ్మ మళ్ళీ జవాబిచ్చింది, ఈసారి కాస్త ఆలస్యంగా. అక్క నా చెయ్యి పట్టుకుంది.

తరవాతి పాట మేస్త్రి గారి తిండి మీద. ‘మామ తింటడు ఎద్దు లెక్క, మోపులు మోపులు గడ్డి యాడ తేవాలె’ అని కట్టుకున్నాం. మొదటి వరస హాత్‌గాడీ నాయిన కూతురిది, ఒక్కతే పాడాలి. ఆ పిల్ల ముందుకొచ్చి, ఊపిరి తీసుకుని, గొంతెత్తి, “మీ మేస్త్రి మామ ఎద్దూ” అని రాగం తీసింది. రాగం ఎక్కడికో వెళ్ళింది. ‘లెక్క’ రాలేదు.

హాలు ఆగిపోయింది. మేస్త్రి గారి చెయ్యి ఆకులోనే ఉంది. వాళ్ళ వైపు ఒక కుర్రాడు బంతిలోంచి సగం లేచాడు. మనిషిని పట్టుకుని మొహం మీద ఎద్దు అంటే మా మనుషుల్లో తల పగులుతుంది. అదీ పెళ్ళికొడుకు తండ్రిని, అదీ ఆడపెళ్ళివాళ్ళు. అక్క గోళ్ళు నా మణికట్టులో దిగాయి. ముందుకెళ్ళి ఆ పిల్లను వెనక్కి లాగి, దణ్ణం పెట్టి క్షమించమని అడగాలనుకున్నాను. అక్క పట్టు వదల్లేదు.

పిల్లలందరికీ తెలుసు ఏమైందో. వరసలో ఒకడు గొణిగాడు, “లెక్క పోయింది” అని. ఆ పిల్లకూ తెలుసు. మేస్త్రి గారి ముఖం చూసింది. వెనక్కి రాలేదు. నేను నేర్పని పాట మొదలుపెట్టింది, నిదానంగా.

“మామ ఎద్దు, ఇల్లే బండి
పాలమూర్ల కట్టిన బండి
బొంబాయి దాక గుంజుకొచ్చిండు
కాడి దించి తిననియ్యి వదినే”

ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. లేచిన కుర్రాడు కూర్చున్నాడు. మేస్త్రి గారు తల వంచుకున్నారు. భుజం మీది తువ్వాలుతో ముందు మూతి తుడుచుకున్నారు, తరవాత కళ్ళు తుడుచుకున్నారు, తరవాత ఇక తువ్వాలు తియ్యలేదు. ఊళ్ళో ఎద్దులు అమ్ముకుని రైలెక్కిన మనిషి ఆయన. ఆ సంగతి మాకు తరవాత తెలిసింది. ఆ పిల్లకు అసలే తెలియదు. ఇంత మాట ఎక్కడ నేర్చావే అని తరవాత అడిగితే, “మా నాయిన రోజు అంటడు టీచర్. పని నుంచి వచ్చి కాళ్ళు చాపి, నేను ఎద్దునే బిడ్డా, ఇల్లు బండి, గుంజుతున్న అంటడు. లెక్క అని అనడు” అంది. వాళ్ళింట్లో ఎద్దు అంటే తిట్టు కాదు. ‘లెక్క’ ఎందుకు పోయిందో నాకప్పుడు అర్థమైంది.

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. జవాబు ఆమెది. ఆమె నోరు తెరిచి, మరిది కళ్ళ మీది తువ్వాలు చూసింది. ఆకు ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని, తన చేతితో ఒక భక్ష్యం తుంపి ఆ పిల్ల నోట్లో పెట్టింది.

“ఓడిపోయినం వదినే” అంది అక్కతో, అందరికీ వినపడేలా. “మీకు నోరున్నది. మస్తుగున్నది.”

అక్కడి నుంచి ఏమైందో నాకు వరసగా గుర్తు లేదు. పిల్లలు గణపతి నిమజ్జనానికి ఎగిరినట్టు ఎగిరారు. మా గ్యాలరీ ఆడవాళ్ళు, నిశ్చితార్థంలో నోరు మూసుకున్నవాళ్ళే, ఎక్కడి పాటలో గుర్తు తెచ్చుకుని అందుకున్నారు. నేను మా అక్కను కావలించుకుని, చూశావా, చూశావా అని అదే మాట అంటూ ఉండిపోయాను. గెలవడం ఇంత బాగుంటుందని నాకు తెలియదు. గర్వంగా ఉంది, ఆ గర్వం దాచుకోవాలని కూడా అనిపించలేదు. మా పిల్ల పీట మీద నుంచి నా వైపు చూసి తల ఊపింది. లోకల్‌లో కిటికీ వైపు తిప్పుకున్న ముఖం అదేనా అనిపించింది.

సాయంత్రం అప్పగింతలు. పళ్ళెంలో పాలు పోసి, అందులో ముంచిన కూతురి అరచేతుల్ని అక్క పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. అప్పటిదాకా ఎగిరిన అక్క ఇక ఆపుకోలేకపోయింది. పెద్దమ్మ ఆ చేతులు పట్టుకుని, “ఏడ్వకు వదినే. నీ పిల్లను నా బిడ్డ లెక్క చూసుకుంట” అంది. ప్రతి పెళ్ళిలో ఈ చోట ఈ మాటే అంటారు. అందరం తలలూపాం.

“ఉపమ” అంది నా వెనక నుంచి ఒక గొంతు.

తిరిగి ఉరిమి చూశాను. హాత్‌గాడీ నాయిన కూతురే, మూతికి ఇంకా బెల్లం అంటుకుని ఉంది. పెద్దమ్మకు వినపడనే వినపడింది.

“ఏందది? మళ్ళ పాటనా?”

“కాదు పెద్దమ్మా” అంది ఆ పిల్ల. “లెక్క అంటే అది కాదని. బంగారం లెక్క అంటే బంగారం కాదు. బిడ్డ లెక్క అంటే…”

నోరు మూయించబోయాను. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి, “చెప్పనియ్యి టీచరమ్మా” అంది. ఆ పిల్ల వైపే చూసింది. పాలు ఆమె వేళ్ళ మధ్య నుంచి చీర మీద పడుతున్నా చూసుకోలేదు.

“నిజమే చెప్పింది” అంది చివరికి. “వీణ్ణి ఈ చేతులతోనే పెంచిన. జరమొస్తె రాత్రంత కూసున్న. ఊరోళ్ళు, చుట్టాలు, అందరు మెచ్చుకుందురు, వానికి తల్లి లెక్క అని. ఆ మాట విన్నప్పుడల్ల నాకీడ గుండెల కలుక్కుమనేది. మంచిగనే అన్నరు గద, ఎందుకు నొస్తదో నాకే తెల్వకపోయేది.”

పెళ్ళికొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ మా పిల్ల ముఖాన్ని తడిచేతులతోనే పట్టుకుంది.

“నువ్వు నా బిడ్డవు” అంది.

“రూపకం” అని వరసలో పిల్లలంతా ఒక్కసారే అరిచారు, ట్యూషన్‌లో నేను అడిగినప్పటిలాగే. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. మా పిల్ల చెంపల మీద పాలు కారుతుండగా పెద్దమ్మ భుజం మీద తల పెట్టి, “అమ్మా” అంది. పక్కనున్న పెళ్ళికొడుకు కూడా, పుట్టి ఇన్నేళ్ళకు, పెద్దమ్మను ఆ మాటతోనే పిలిచాడు.

నా కొంగు ఎవరో లాగారు. చూస్తే ఆ పిల్లే.

“టీచర్, వీళ్ళు తప్పు చెప్పిండ్రు. అది రూపకం గూడ కాదు.”

“మరేంది?”

“ఏం అలంకారం లేదు టీచర్” అంది, పెద్దమ్మ భుజం మీదున్న మా పిల్ల వైపే చూస్తూ. “ఉత్తగ నిజం.”